మైన్‌క్రాఫ్ట్ పైలో చుక్కల ముగ్గు: పైథాన్‌లో లూపులు నేర్చుకునే దారి

మైన్‌క్రాఫ్ట్ అంటే దిమ్మలు పేర్చి ప్రపంచాలు కట్టే ఆట. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కోసం 2013లో ఉచితంగా వచ్చిన మైన్‌క్రాఫ్ట్ పై ఎడిషన్‌లో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఆట నడుస్తుండగానే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి దానికి ఆజ్ఞలు పంపవచ్చు. కోడ్‌లో తప్పు దొర్లితే అది కళ్ళముందు మట్టిలో కనిపిస్తుంది. పిల్లలకు లూపులు, అంటే ఒకే పనిని పదేపదే చేయించే కోడ్ నేర్పడానికి ఇంతకంటే మంచి పలక దొరకదు.

పై 3 మోడల్ బీ లేదా బీ ప్లస్, 16 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు, 5 వోల్టుల 2.5 ఆంపియర్ల అడాప్టర్, హెచ్‌డీఎంఐ తెర, కీబోర్డు, మౌస్ కావాలి. మామూలు ఫోన్ ఛార్జర్ పెడితే తెర మూలన మెరుపు గుర్తు వస్తుంది. కరెంటు చాలడం లేదని దాని అర్థం.

ఎక్కువమంది చిక్కుకునేది ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరే. ఈ ఆట పాత గ్రాఫిక్స్ డ్రైవర్ మీద ఆధారపడింది కాబట్టి 2021 చివర్లో వచ్చిన బుల్స్‌ఐ అనే వెర్షన్‌లో నడవదు. రాస్ప్‌బెర్రీ పై సైటు పాత ఇమేజ్‌ల విభాగంలోంచి దానికి ముందటి వెర్షన్ బస్టర్ ఇమేజ్ (సిస్టమ్ మొత్తం ఉండే ఫైలు), 2021 మే నాటిది, 32 బిట్, 'ఫుల్' రకం దించుకుని రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ప్రోగ్రామ్‌తో కార్డులోకి ఎక్కించండి. ఆట గేమ్స్ మెనూలో ఉంటుంది. పై 5 మీద బస్టర్ అసలు బూట్ కాదు. వేరే కంప్యూటర్ నుంచి పై తెరను చూపించే వీఎన్‌సీ మామూలు సెట్టింగుల్లో ఆట బొమ్మ కనిపించదు, తెర నేరుగా తగిలించుకోవడమే మేలు.

ఆట తెరిచి, కొత్త ప్రపంచం సృష్టించి లోపలికి వెళ్ళండి. ట్యాబ్ నొక్కితే మౌస్ బయటికి వస్తుంది. ప్రోగ్రామింగ్ మెనూలో, పైథాన్ కోడ్ రాసి నడిపే థానీ తెరవండి. కింది కోడ్‌ను పలికే తీరులో రాశాం, మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి.

ఫ్రమ్ ఎంసీపీఐ.మైన్‌క్రాఫ్ట్ ఇంపోర్ట్ మైన్‌క్రాఫ్ట్
ఎంసీ = మైన్‌క్రాఫ్ట్.క్రియేట్()
ఎక్స్, వై, జెడ్ = ఎంసీ.ప్లేయర్.గెట్‌టైల్‌పోస్()

మొదటి వరుసలో రెండోసారి వచ్చే మైన్‌క్రాఫ్ట్‌కు, రెండో వరుసలో ఉన్నదానికి మాత్రమే తొలి అక్షరం పెద్దది. గెట్‌టైల్‌పోస్‌లో టి, పి పెద్దవి, కింద వచ్చే సెట్‌బ్లాక్స్, సెట్‌బ్లాక్‌లలో బి పెద్దది. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వస్తే మీరింకా ప్రపంచంలోకి వెళ్ళలేదన్నమాట. ఫైలుకు 'ఎంసీపీఐ' అని పేరు పెట్టకండి: పైథాన్ అసలు లైబ్రరీని వదిలేసి మీ ఫైలునే తెరుస్తుంది.

ఎక్స్, జెడ్ నేల మీది దిక్కులు, వై ఎత్తు. వై మీ పాదాలున్న గడి, దాని కింది గడి నేల. ముగ్గు వేసే ముందు వాకిలి ఊడ్చినట్టు, ఇక్కడా ముందు చోటు చదును చేయాలి:

ఎంసీ.సెట్‌బ్లాక్స్(ఎక్స్-10, వై, జెడ్-10, ఎక్స్+10, వై+10, జెడ్+10, 0)
ఎంసీ.సెట్‌బ్లాక్స్(ఎక్స్-10, వై-1, జెడ్-10, ఎక్స్+10, వై-1, జెడ్+10, 3)

0 అంటే గాలి, 3 అంటే మట్టి. చెట్టూ గుట్టా పోయి 21 గడుల చదరపు వాకిలి మిగులుతుంది. ఇప్పుడు '7 చుక్కలు, 4 వరకు సందు చుక్క' వేద్దాం. తెల్ల ఉన్ని 35:

ఫర్ ఆర్ ఇన్ రేంజ్(-3, 4):
    ఎన్ = 7 - ఏబీఎస్(ఆర్)
    ఫర్ ఐ ఇన్ రేంజ్(ఎన్):
        ఎంసీ.సెట్‌బ్లాక్(ఎక్స్-(ఎన్-1)+2*ఐ, వై-1, జెడ్+2*ఆర్, 35)

వాకిట్లో మనం చేసేదే ఇది. ఏబీఎస్ మైనస్ గుర్తు తీసేస్తుంది కాబట్టి నడిమి వరుసలో 7, అటూ ఇటూ 6, 5, 4. బయటి లూపు వరుస మారుస్తుంది, లోపలి లూపు ఆ వరుసలో చుక్కలు పెడుతుంది. స్పేస్ కీ రెండుసార్లు గబగబా నొక్కి పైకెగిరి లెక్కపెట్టండి, 37 చుక్కలు ఉండాలి.

33 ఉన్నాయా? రేంజ్‌లో 4కు బదులు 3 రాసి ఉంటారు. రేంజ్ చివరి అంకెను కలుపుకోదు, అందుకే ఒక అంచు వరుస ఎగిరిపోయింది. చుక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతే ఐ ముందు 2* మరిచారు. అన్ని వరుసలూ ఒకే అంచు నుంచి మొదలై ముగ్గు ఒక పక్కకు ఒరిగితే (ఎన్-1) తీసివేత లేదు: చుక్క సందులో పడేది దానివల్లే. వై-1 బదులు వై రాస్తే ఉన్ని నేల మీద దిమ్మల్లా లేస్తుంది, నడిమి చుక్క సరిగ్గా మీరు నిలబడ్డ చోటే వచ్చి పడుతుంది.

ఈ నాలుగు తప్పులనూ పిల్లల చేత కావాలనే చేయించండి. ఏ అంకె ఏ పని చేస్తోందో అప్పుడే బాగా పట్టుబడుతుంది.

తర్వాత 11 చుక్కలు, 6 వరకు వేయించండి. రేంజ్(-5, 6), 7 స్థానంలో 11. చుక్కలు 91, వాకిలి అంచులకు సరిగ్గా సరిపోతుంది. 13కు వెళ్తే చివరి చుక్కలు మట్టి దాటిపోతాయి, సెట్‌బ్లాక్స్ వరుసల్లో ఎక్స్, జెడ్ పక్కనున్న 10లను 12 చేయాలి.