నెట్ రాకుంటే ముందు బాక్స్ లైట్లు చూడండి

మా మిర్యాలగూడ వైపు వరికోతలు మొదలైతే గడ్డి ట్రాక్టర్లు వీధిలో కిందికి వేలాడే ఫైబర్ వైర్లను తెంపుకుపోతుంటాయి. మిగతా రోజుల్లో ఆ పని కోతులు చూసుకుంటాయి. అందుకే "అన్నా, నెట్ వస్తలేదు, విండోస్ మళ్ల వేయాల్నా?" అని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒకటే: ఇంట్లో ఫైబర్ వైరు వచ్చి చేరే నెట్ బాక్స్ (వైఫై రౌటర్) మీద ఏ లైటు వెలుగుతోంది?

ఎల్ఓఎస్ లైటు ఎర్రగా ఉంటే

బాక్స్ మీద ఇంగ్లిష్‌లో LOS అని రాసి ఉండే లైటు ఇది. ఎర్రగా ఉంటే ఫైబర్‌లో వచ్చే వెలుతురు బాక్స్ దాకా చేరడం లేదని అర్థం. కంప్యూటర్ తప్పేమీ లేదు. బాక్స్ వెనక సన్న వైరు బీరువా సందులో నలిగిందేమో చూడండి. లోపల ఉండేది గాజుపోగు, గట్టిగా మడత పడితే వెలుతురు ఆగిపోతుంది. మడత తీసి, పిన్ను సరిగా నొక్కండి. ఊడిన వైరు కొసలోకి మాత్రం కన్ను పెట్టి చూడొద్దు. అప్పటికీ ఎరుపు పోకపోతే తెగింది బయటే. "నెట్ రాట్లేదు" అనకుండా "ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది" అని కంప్లైంట్ ఇవ్వండి, లైన్‌మన్ వైరు అతికే సామానుతోనే వస్తాడు.

పిన్నుతో రీసెట్ బటన్ మాత్రం నొక్కకండి. నేను ఒకసారి నొక్కాను. బాక్స్‌లో ఉన్న యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోయాయి. లైన్‌మన్ వచ్చేదాకా రెండు రోజులు ఇంట్లో అందరి తిట్లూ తిన్నాను.

ఫోన్‌లో వస్తోంది, కంప్యూటర్‌లో రావడం లేదు

ముందు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, వైఫైతో చూడండి. చాలామంది మోసపోయేది ఇక్కడే. అప్పుడూ ఫోన్‌లో వస్తుంటే కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిష్‌లో కొట్టండి. అక్కడ కనిపించే ఐపీవీ4 (IPv4) అడ్రస్ 169.254తో మొదలైతే బాక్స్ నుంచి అడ్రస్ అందక కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందన్నమాట. కేబుల్ తీసి బాక్స్‌లో వేరే పోర్టుకు పెట్టండి, కేబుల్ మార్చి కూడా చూడండి. ఉరుములు మెరుపుల రాత్రి తర్వాత ఇలా అయితే పోర్టే కాలిపోయి ఉండొచ్చు.

అడ్రస్ 192.168తో ఉంటే అక్కడే పింగ్ (ping) అని కొట్టి, పక్కన 8.8.8.8 పెట్టండి. జవాబు వస్తున్నా సైట్లు తెరుచుకోకపోతే చిక్కు డీఎన్ఎస్‌లో, అంటే సైటు పేరుకు దాని నంబరు అడ్రస్ వెతికిపెట్టే చోట ఉంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8, 1.1.1.1 రాయండి.

"కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు" అని వస్తే

ఏ సైటు తెరిచినా ఇదే వస్తే చాలామంది వైరస్ అని టెన్షన్ పడతారు. కింద మూలన తేదీ చూడండి. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది సెల్ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. సైటు అసలుదేనని చూపే సర్టిఫికెట్లకు గడువు తేదీలు ఉంటాయి కాబట్టి బ్రౌజర్ వాటిని నమ్మదు. ఇప్పటికి తేదీ సరిచేసుకుని, తర్వాత సీఆర్2032 సెల్ తెచ్చి మార్చండి. గడియారాలు బాగుచేసే కొట్టులో అడిగినా దొరుకుతుంది.

వస్తోంది కానీ నెమ్మది

పాత ఇళ్ల మందపు రాతి గోడలను 5 గిగాహెర్ట్జ్ వైఫై సరిగా దాటలేదు. లోపలి గదిలో 2.4కి మారండి. కేబుల్ మీద కూడా వేగం సరిగ్గా 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంటే కేబుల్ కొసల పిన్నులు చూడండి: 8 తీగలకు బదులు నాలుగే కొట్టి ఉండొచ్చు.