కోరిక, అధికారం, అపరాధం – నాలుగో పాఠం: తేలు కుట్టిన దొంగ, భుజాలు తడుముకున్న దొంగ

కోరికను అడ్డంకి ద్వారా, అధికారాన్ని సంభాషణ ద్వారా పట్టుకోవడం వెనకటి పాఠాల్లో చూశాం. ఈసారి అపరాధ భావం. మూడింటిలోకీ ఇదే మొండిది. కోరిక ఉన్నవాడు వెంటపడతాడు, అధికారం ఉన్నవాడు శాసిస్తాడు, తప్పు చేసినవాడు మాత్రం దాచుకుంటాడు. ఆ దాచుకున్నదాన్నే మనం చూపించాలి. కొత్తగా రాసేవాళ్లు ఇక్కడికి రాగానే ‘అతని మనస్సాక్షి అతణ్ణి నిలదీసింది’ అని ఒక వాక్యం పడేసి చేతులు దులుపుకుంటారు. ఆ వాక్యం చదివి పాఠకుడు తలూపుతాడేమో గానీ అతనికి ఏమీ కనిపించదు.

ఈ చిక్కుకు దారి మన సామెతల్లోనే ఉంది. దొంగకు తేలు కుట్టినప్పుడు నొప్పి ఉంటుంది, కానీ అరిస్తే దొరికిపోతాడు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకునేవాణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, అయినా చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. మొదటివాడిలో రావలసిన స్పందన రాలేదు. రెండోవాడిలో అక్కర్లేని చోట వచ్చింది. అపరాధ దృశ్యాలు చాలా వరకు ఈ రెండు దారుల్లో ఒకదాని వెంట నడుస్తాయి.

దస్తయేవ్‌స్కీ ‘నేరము–శిక్ష’ (1866) తీసుకోండి. ఆరు భాగాల నవలలో హత్య మొదటి భాగం చివరి అధ్యాయంలోనే అయిపోతుంది. మర్నాడు ఆ హత్య చేసిన రాస్కోల్నికోవ్‌ను పోలీసులు పిలిపిస్తారు, అదీ అతను అద్దెకున్న ఇంటి యజమానురాలికి పడ్డ బాకీ విషయంలో. అక్కడ పక్కవాళ్లు హత్య గురించి మాట్లాడుకోవడం వినగానే స్పృహ తప్పుతాడు. ఇది భుజాలు తడుముకోవడమే. ఆ తర్వాత దోచుకున్నదంతా ఒక రాయి కింద దాచేస్తాడు, సంచిలో ఎంతుందో కూడా చూడకుండా. డబ్బు కోసమే చేసిన పనైతే లెక్కపెట్టకుండా ఉంటాడా? ఆ లెక్కపెట్టకపోవడం పది పేజీల ఆత్మవిమర్శ కంటే బలంగా ఉంటుంది.

ఇక అభ్యాసానికి వద్దాం. కావలసింది రెండు పాత్రలు, ఒక గది, పాత్రలు పలికే సుమారు 24 సంభాషణ వాక్యాలు.

రాయబోయే ముందు కాగితం మీద మూడు వాక్యాలు పెట్టుకోండి: ఇతనికి ఏం కావాలనిపించింది, అది చెయ్యగలిగేంత పట్టు ఎక్కణ్ణుంచి వచ్చింది, దెబ్బతిన్నది ఎవరు. మూడో వాక్యంలోని మనిషి ఇదే గదిలో ఉంటే దృశ్యం సగం రాసినట్టే. ఆ మనిషి చనిపోయో దూరంగానో ఉంటే వాళ్ల వస్తువు గదిలో ఉండాలి, లేదా వాళ్లను ఎరిగినవాళ్లు ఉండాలి. ఏదీ లేకపోతే పాత్ర కిటికీ దగ్గర నిలబడి ఆలోచించడం తప్ప మీకు రాయడానికేమీ మిగలదు.

తర్వాత ఎవరికి ఎంత తెలుసో తేల్చుకోండి: చేసినవాడికి, ఎదుటివాళ్లకి, పాఠకుడికి. తొలి ప్రయత్నంలో పాఠకుడికి అంతా చెప్పెయ్యండి. దాస్తే అది మిస్టరీ అయిపోతుంది, పాఠకుడు ఆధారాలు వెతుక్కుంటూ మనిషిని చూడడం మానేస్తాడు.

ఇప్పుడు రాయండి. పాపం, తప్పు, క్షమించు, పశ్చాత్తాపం, మనస్సాక్షి అన్న మాటలు నిషేధం. మొదటి ఆరు సంభాషణ వాక్యాలు మామూలు విషయాల మీద నడవనివ్వండి. ఏడో ఎనిమిదో మాట దగ్గర ఎదుటిమనిషి ఏ ఉద్దేశమూ లేకుండా పుండు మీద వేలు పెట్టాలి. ఉదాహరణకు: తండ్రి మంచాన ఉన్నప్పుడు అన్న ఇంటిని తన పేర రాయించుకున్నాడు. చెల్లెలికి ఇంకా తెలియదు.

“నాన్న పెన్ను ఇంకా ఉందా, అన్నయ్యా?”

“ఏ పెన్ను?”

“నల్లది. ఎప్పుడూ జేబులో ఉండేదే.”

“అది ఎప్పుడో పాడైపోయింది. అయినా సంతకాలన్నీ ఆయన నా పెన్నుతోనే పెట్టాడు.”

“నేను సంతకాల సంగతి అడగలేదే.”

ఇదే గదిని తేలు దారిలో రాస్తే:

“చివర్లో నాన్నకి చెయ్యి వణికేదటగా. నువ్వు ఒక్కడివీ ఎలా చూసుకున్నావో!”

“...”

“నీలాంటి కొడుకు అందరికీ ఉండడు.”

“లైటు వెయ్యనా? చీకటిగా ఉంది.”

ఇక్కడ తేలు పొగడ్త. ఒప్పుకోలేడు, కాదనలేడు. నిందించే మాటకు ఎదురు తిరగొచ్చు, సమర్థించుకోవచ్చు. పొగడ్తకు ఆ దారి లేదు. అందుకే కుట్టడానికి నిందకంటే పొగడ్తే మంచి సాధనం అని మా అభిప్రాయం.

రాశాక ఒక లెక్క వెయ్యండి. వేలు పడకముందు అన్న ఎన్ని ప్రశ్నలు అడిగాడు, పడ్డాక ఎన్ని? ముందు ఇల్లుగలవాడిగా అతను అడుగుతూ ఉండాలి, తర్వాత సంజాయిషీలు ఇచ్చుకునే స్థితికి జారాలి. ఈ జారుడు కనిపించకపోతే మీ దృశ్యంలో బాధ ఉంది గానీ అధికారం కదల్లేదు. తెలుగులో మనకు ఇంకో వెసులుబాటు ఉంది: నువ్వు, మీరు, అండీ, గారు. రోజూ ‘ఏమయ్యా’ అని పిలిచే యజమాని ఇవాళ గుమాస్తా పేరుకు ‘గారు’ తగిలిస్తే గుమాస్తా కంటే ముందు పాఠకుడు ఉలిక్కిపడతాడు. ఒక్కసారి వాడండి చాలు.

వస్తువు దగ్గరే ఎక్కువమంది బోల్తాపడతారు. ముందు గుర్తుగా ఎంచుకుని తర్వాత కథలో ఇరికిస్తారు. ‘మాక్బెత్’ రెండో అంకం రెండో రంగంలో రాజును చంపి వచ్చిన మాక్బెత్ చేతిలో కత్తులుంటాయి. అవి కాపలావాళ్ల పక్కన ఉండాలి, నేరం వాళ్ల మీదికి పోవాలంటే. కంగారులో వెంట తెచ్చేశాడు, తిరిగి పెట్టి రమ్మంటే వెళ్లలేడు. భార్యే వెళ్తుంది. కత్తి ముందు కథలో ఒక పని చేసింది, అర్థం దాని వెనక వచ్చింది. ఆమె అప్పుడు, కాసిని నీళ్లతో చేతుల రక్తం పోతుందంటుంది. మూడో అంకంలో విందు దగ్గర భర్తను కాపాడుకున్నాక ఆమె ఐదో అంకం దాకా మళ్లీ కనిపించదు. కనిపించినప్పుడు నిద్రలో నడుస్తూ, లేని మరకను కడుక్కుంటూ ఉంటుంది. ఆ మధ్య ఖాళీని షేక్‌స్పియర్ నింపలేదు. ఆమె ఎలా కుంగిపోయిందో మెట్టు మెట్టుగా రాసి ఉంటే ఆ చేతులు మనల్ని అంతగా పట్టుకునేవి కావు. ఆ విందులోనే, మాక్బెత్ చంపించిన స్నేహితుడు బాంకో ప్రేతం వచ్చి కూర్చునేది మాక్బెత్ కుర్చీలో. సంపాదించుకున్న అధికారంలో కూర్చునే చోటే లేకుండా పోయింది. మూడు అంశాలూ ఒక్క కుర్చీ మీద కలిశాయి.

మామూలుగా జరిగే పొరపాట్లు ఇంకొన్ని. పీడకల: నిద్రలో ఎవరైనా ఏదైనా చూడొచ్చు, దానికి ఖర్చు లేదు. తొందరపడి ఒప్పించెయ్యడం: ఒప్పుకోలుతో ఒత్తిడి దిగిపోతుంది, కాబట్టి ఈ అభ్యాసంలో అది వద్దు. బాధపడుతున్నాడు గనక మంచివాడేనని రచయిత వెనకేసుకురావడం: ఇది పాఠకుడికి ఇట్టే వాసన వస్తుంది, పైగా దెబ్బతిన్న మనిషి వట్టి అద్దంలా మిగిలిపోతుంది. పై దృశ్యంలో చెల్లెలికి పెన్ను ఎందుకు కావాలో మీకు తెలిసి ఉండాలి.

దొరికిపోయానన్న ఉక్రోషాన్ని అపరాధ భావమనుకోవడం కూడా ఉంది. ‘కన్యాశుల్కం’ చివర గిరీశం మొహం చిన్నబోయేది పథకం బెడిసినందుకు. అతనిలో అపరాధం లేకపోవడమే ఆ పాత్రకు ప్రాణం. మీ పాత్రను ఇలా పరీక్షించండి: ఎప్పటికీ ఎవరికీ తెలియదని హామీ ఇస్తే ఇతను హాయిగా నిద్రపోతాడా? పోతాడంటే మీరు రాస్తున్నది భయం గురించి. అదీ మంచి వస్తువే, పాఠం వేరు.

వచ్చే పాఠానికి ఇదే జంటతో రెండు రూపాలూ రాసి ఉంచుకోండి, ఒకటి తేలు, ఒకటి గుమ్మడికాయ. అప్పుడు ఒప్పుకోలు దృశ్యం చూద్దాం: విన్నవాళ్ల నెత్తిన ఏం పడుతుంది, రాస్కోల్నికోవ్ అదే నవలలోని సోన్యా అనే అమ్మాయితో నోరు విప్పి చెప్పకుండా ఊహించమని ఎందుకు అడుగుతాడు అన్నది అక్కడ మొదలుపెడదాం.