జూలై ఫోర్త్ పొద్దున పిల్లలతో చేయించాల్సిన పని

అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై ఫోర్త్ రాత్రి బాణసంచా ఎక్కడ బాగా కనిపిస్తుందో ఎవరినడిగినా చెబుతారు. నేను చెప్పేది పొద్దున పని గురించి. పిల్లల్ని కూర్చోబెట్టి, బ్రిటన్ నుంచి విడిపోతున్నామని చెప్పిన స్వాతంత్ర్య ప్రకటనను పైకి చదివించండి. పది నిమిషాల్లో అయిపోతుంది.

'మనుషులంతా సమానంగా పుట్టారు' అన్న వాక్యం దగ్గరే ఆపేయకండి. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. బ్రిటన్ రాజు మూడో జార్జి మీద వరసగా 27 ఫిర్యాదులుంటాయి. వాటిని తలా కొన్ని పంచండి. మా ఒప్పుకోలు లేకుండా పన్నులు వేశాడు, మా ఇళ్ల మధ్య సైన్యాన్ని దించాడు... ఇలా పిల్లలు పోటీపడి చదువుతారు. ఏడోది మాత్రం మా ఇంట్లో మా పెద్దమ్మాయిదే. విదేశీయులు ఇక్కడ పౌరులయ్యే చట్టాలకు రాజు అడ్డుపడ్డాడని అందులో ఉంది. మనలా వలస వచ్చినవాళ్లు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

తర్వాత తేదీల కథ చెప్పండి. కాలనీల ప్రతినిధులు స్వాతంత్ర్యానికి ఓటు వేసింది 1776 జూలై 2న, ప్రకటనను ఆమోదించింది 4న. సంతకాలు ఎక్కువమంది చేసింది ఆగస్టు 2న. ఆ ప్రతినిధుల్లో ఒకడైన జాన్ ఆడమ్స్ అయితే జూలై 2నే జనం ఏటా ఊరేగింపులతో, గంటలతో, దీపాలతో పండగ చేసుకుంటారని భార్యకు ఉత్తరం రాశాడు. తేదీ ఒక్కటే మారింది.

కాస్త పెద్ద పిల్లలుంటే, ఆ సమానత్వం మాట రాసిన జెఫర్సన్ దగ్గరే బానిసలుండేవారని దాచకుండా చెప్పండి. 1852 జూలై 5న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో, బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్, బానిసకు ఈ పండగ ఏమిటని నిలదీశాడు. ఆ ప్రసంగంలో ఒక్క పేరా అయినా చదివించండి. నాకైతే అది లేకుండా ఈ పండగ సగమే అనిపిస్తుంది.

గోడకు జెండా కడితే, చూసేవాళ్లకు చుక్కల భాగం ఎడమ పక్క పైన రావాలి. లైటు వేసే వీలు లేకపోతే పొద్దుగూకగానే దించేయండి.

ఇక కాకరపువ్వొత్తులు. కొనేముందు మీ రాష్ట్రం రూల్సు చూసుకోండి. మసాచుసెట్స్‌లో ఇంటి దగ్గర అవి కూడా కాల్చకూడదు. కాల్చేచోట పిల్లలకు బూట్లు వేయండి, ఒక్కొక్కరికి ఒక్కటే ఇవ్వండి. వెలుగు ఆరిపోయినా తీగ చాలాసేపు కాలుతూనే ఉంటుంది. గడ్డిలో పడేయనివ్వకుండా, పక్కనే నీళ్ల బకెట్ పెట్టి అందులోనే వేయించండి.