నెయిల్ కిట్ కొనేముందు జాగ్రత్తలు

చెన్నైలో నెయిల్ ఆర్ట్ కోర్సులో చేరగానే సంచి పట్టుకుని ప్యారీస్ కార్నర్ హోల్‌సేల్ బజారుకి పరుగెత్తకండి. ముందు మీ మేడమ్ ఏ బ్రాండ్ జెల్‌తో (గోళ్లకు పూసి ల్యాంప్ కాంతిలో గట్టిపరిచేది) నేర్పుతున్నారో కనుక్కోండి.

• ల్యాంప్: ఆ జెల్ కంపెనీ చెప్పిందే కొనండి. వాట్లు ఎక్కువని మురిసిపోవద్దు. చాలా జెల్స్ 365, 405 నానోమీటర్ల దగ్గరి కాంతికే గట్టిపడతాయి. ల్యాంప్ సరిపడకపోతే పైన ఆరినట్టే ఉండి లోపల పచ్చిగా మిగులుతుంది. పచ్చి జెల్ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ రావచ్చు; వచ్చిందా, సాధారణంగా జీవితాంతం వదలదు. కస్టమర్ కంటే ముందు మన వేళ్లకే ముప్పు. నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి, జెల్ అంటగానే మార్చేయాలి.

• అక్రిలిక్ లిక్విడ్ (పౌడర్‌తో కలిపి కృత్రిమ గోళ్లు కట్టేది): సీసా మీద ఈఎంఏ (ఇథైల్ మెథాక్రిలేట్) అని ఉందా? లేబుల్ లేకుండా, మరీ చవగ్గా, ముక్కు అదిరే ఘాటుతో ఉంటే ఎంఎంఏ (మిథైల్ మెథాక్రిలేట్) అయ్యుండొచ్చు. అది అసిటోన్‌లో ఓ పట్టాన కరగదు, తీసేటప్పుడు అసలు గోరే లేచొస్తుంది.

• దిగుమతి సరుకా? దిగుమతిదారు చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, ఎక్స్‌పైరీ చూడండి.

• ఫైళ్లు, బఫర్లు కట్టలుగా తీసుకోండి. ఒకరికి వాడినవి ఇంకొకరికి వద్దు.

• దుకాణదారు ఎంత ఊదరగొట్టినా చిన్న యూవీ బాక్స్ స్టెరిలైజర్ కాదు. మెటల్ టూల్స్‌కి ఆటోక్లేవే (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) కావాలి.

• గ్లిట్టర్లు, స్టోన్లు తర్వాత చూసుకోవచ్చు.