మా చిట్టికి షుగర్ పడిపోయినప్పుడు

డల్లాస్‌లో మా ఇంట్లో 5 ఏళ్ల ఫెర్రెట్ ఉంది. ముంగిసలా పొడుగ్గా ఉంటుంది, పేరు చిట్టి. ఒకరోజు పొద్దున్నే వెనక కాళ్లు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి, గోడకేసి చూస్తూ నిలబడిపోయింది. నోట్లోంచి చొంగ. ముందు కాళ్లతో మూతి గీరుకుంటోంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అంతకు ముందు రెండు వారాలుగా మందకొడిగా ఉంటే వయసు మీద పడింది అనుకున్నాను. అదే నా తప్పు.

డాక్టర్ 4 గంటలు ఖాళీ కడుపుతో ఉంచి రక్తం తీస్తే గ్లూకోజ్ 52. మామూలుగా 90 పైన ఉండాలి. ఇన్సులినోమా అన్నారు. క్లోమంలో గడ్డలు ఇన్సులిన్‌ని అతిగా వదులుతాయి, అంటే డయాబెటిస్‌కి పూర్తిగా తలకిందులు. ఫెర్రెట్లలో డయాబెటిస్ అరుదు, ఇదే ఎక్కువ.

ముద్దుగా పెట్టే ఎండుద్రాక్ష ఆపేశాను. తీపి తింటే ఇన్సులిన్ ఇంకా ఊరి, షుగర్ మరింత పడిపోతుంది. 4 గంటలకోసారి మాంసాహారం, రాత్రి అలారం పెట్టుకుని మరీ. డాక్టర్ రాసిన ప్రెడ్నిసొలోన్ (షుగర్ పడిపోకుండా చూసే స్టెరాయిడ్ మందు) రోజుకు రెండు పూటలు.

తీపి మానిపించినా, షుగర్ ఒక్కసారిగా పడిపోతే వెంటనే పెంచడానికి తేనె సీసా మాత్రం ఎప్పుడూ చేతికందేలా ఉంచుతాను. చిట్టి సోలిపోతే దూదిపుల్లతో చిగుళ్లకు కొద్దిగా రాస్తాను. వేలు పెట్టకూడదు, మూర్ఛలో కొరికేస్తుంది. తేరుకోగానే మాంసం తినిపించాలి, లేకపోతే మళ్లీ పడిపోతుంది. ఆ వెంటనే డాక్టర్‌కి ఫోన్.

మందుతో గడ్డలు పోవు. 8 నెలల్లో రెండుసార్లు డోసు పెంచారు. నిన్న మాత్రం నా సాక్సు ఎత్తుకెళ్లి సోఫా కింద దాచింది.