కయాక్ మీద చేపల వేట, రెండో పాఠం: ఈసారికి రాడ్ ఇంట్లోనే

పోయిన పాఠంలో ఏ చెరువుకు పోవాలి, ఎవర్ని అడగాలి, ఎట్లాంటి పడవ కొనాలి అనేది చూసినాం కదా. కొత్తగా వచ్చినోళ్ళ కోసం క్లుప్తంగా మళ్ళీ చెప్తా. చెరువులో చేపల హక్కు మామూలుగా మత్స్యకారుల సంఘం చేతిలో ఉంటాది కాబట్టి వాళ్ళని అడక్కుండా గాలం వెయ్యొద్దు, డ్యాం అయితే ఇరిగేషన్ వాళ్ళని కూడా అడగాల. కయాక్ అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, అందులో పైన కూర్చునే రకం ప్లాస్టిక్‌ది తీసుకోండి, పొడవు 10 నుంచి 12 అడుగులు, వెడల్పు 30 అంగుళాలకు తగ్గకుండా. గాలి కొట్టే రకం చవగ్గా వస్తాది, డిక్కీలో పడ్తాది, అది నిజమే గానీ మన అనంతపురం చెరువులకు అది పనికిరాదు. వానల్లేని ఏండ్లల్లో చెరువు లోపలంతా కంప చెట్లు మొలుస్తాయి, తర్వాత తుంగభద్ర హెచ్చెల్సీ కాలవ నీళ్ళో హంద్రీ-నీవా నీళ్ళో వచ్చి అవి మునిగిపోతాయి, పైకి ఏమీ కనపడదు, ముల్లు మాత్రం అట్లే ఉంటాది.

ఈ పాఠంలో నీళ్ళలోకి దిగుతాం, కానీ రాడ్, అంటే గాలం కర్ర, తేవద్దు, ఇంట్లోనే పెట్టి రండి. చేపల కోసమే కదా ఇదంతా అనుకుంటారేమో, నాకు తెలుసు, కానీ రాడ్ చేతిలో ఉంటే మనసంతా చేప మీదనే ఉంటాది, పడవ ఎటు పోతాందో గాలి ఎటు మళ్ళిందో చూడం. పైగా పడవ తిరగబడితే గాలాలు, దారం, మనిషి అన్నీ ఒకే చోట నీళ్ళలో కలుస్తాయి, ఆ గాలం చేతికి దిగితే ఇంక ఈదేది ఎట్లా. కాబట్టి పడి, మళ్ళీ ఎక్కడం మీకు సులువుగా వచ్చేదాకా రాడ్ ముట్టుకోవద్దు. ఈ ఒక్క మాట మీద నేను చాలా గట్టిగా ఉంటా.

ముందు లైఫ్ జాకెట్. మనలో చానామంది బావుల్లో నడుముకు బెండ్లు కట్టుకోని ఈత నేర్చినోళ్ళమే, అందుకే జాకెట్ ఎందుకులే అనే ధీమా ఉంటాది. బావిలో అయితే ఎటు ఈదినా నాలుగు బారల్లో గట్టు చేతికందుతాది, రిజర్వాయర్‌లో గట్టు అర కిలోమీటర్ దూరం ఉంటాది, మధ్యలో అల మొహానికి కొడ్తానే ఉంటాది. జాకెట్ మనిషిని పైకి తేల్చే బలాన్ని న్యూటన్లలో చెప్తారు, ఈత బాగా వచ్చినోళ్ళకి 50 న్యూటన్ల జాకెట్ సరిపోతాది, అంతగా రానోళ్ళు 100 న్యూటన్లది తీసుకోండి, అసలు రానోళ్ళు మాత్రం ఈత నేర్చుకున్నాకే ఈ పాఠానికి రావాల. బెల్టులన్నీ బిగించుకున్నాక పక్కనున్న మనిషితో భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి, జాకెట్ చెవుల దాకా లేచిందంటే లూజుగా ఉన్నట్టు. సీటు మీద వేసుకుని కూర్చున్న జాకెట్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే, ఒంటి మీదనే ఉండాల.

ఇప్పుడు చోటు. ఒంటరిగా వద్దు, గట్టు మీద ఒక మనిషి ఉండాల. నీళ్ళు గుండెల లోతు, కింద గరుసు నేల ఉండే చోట దిగండి, బంక బురదలో కాలు దిగబడితే పీక్కోను రాదు. ఇంకో సంగతి, ఎండాకాలంలో జేసీబీలతో చెరువు మట్టి తోలుకుపోయి ఉంటారు, ఆ గుంతలు నీళ్ళ కింద కనపడవు, మోకాళ్ళ లోతులో నడుస్తా నడుస్తా ఒక్క అడుగులో మునిగిపోతారు. గుంతలు యాడ ఉండాయో అక్కడ గొర్రెలు మేపేవాళ్ళకు బాగా తెలుసు, వాళ్ళని అడిగి, వాళ్ళు చూపించిన వైపే దిగండి.

ఇంక పడడం. పడవ మీద కూర్చుని కావాలనే ఒక పక్కకు ఒరగండి, పడిపోతారు. పడీ పడగానే చెయ్యాల్సింది ఒక్కటే, పడవను పట్టుకోవాల. ఖాళీ పడవను గాలి ఎంత స్పీడుగా తోసుకుపోతాదంటే మంచి ఈతగాడు కూడా దాన్ని అందుకోలేడు. తెడ్డుకు ఒక తాడు కట్టి పడవకు ముడేసి ఉంటే దాని కోసం వెతుక్కునే పని ఉండదు. పడవ బోర్లా పడి ఉంటే నడిమధ్య భాగానికి రండి, అడుగు మీదుగా చెయ్యి చాచి అవతలి అంచును గానీ నీళ్ళు పోయే రంధ్రాన్ని గానీ పట్టుకోని, మోకాళ్ళు ఇవతలి అంచుకు ఆనించి ఒంటి బరువుతో వెనక్కి వాలితే అదే తిరుగుతాది. 

తర్వాత ఎక్కడం, ఇక్కడే అందరూ తంటాలు పడేది. నిలువుగా నీళ్ళలో ఉండి చేతుల బలంతో పైకి లేవాలని చూస్తారు, అప్పుడు కాళ్ళు పడవ కిందికి పోతాయి, పడవ మళ్ళీ మీదికే తిరుగుతాది. అట్లా కాదు, ముందు రెండు చేతులు అంచు మీద పెట్టి, కాళ్ళు వెనక్కి చాపి ఒళ్ళంతా నీళ్ళ మీద పడుకున్నట్టు తేలాల, పాదాలతో నీళ్ళు గట్టిగా తంతా పడవను కడుపు కిందికి లాక్కోవాల. మీరు పడవ మీదికి ఎక్కినట్టు కాదు, పడవే మీ కిందికి వచ్చినట్టు ఉండాల. కడుపు పడవకు అడ్డంగా పడినాక ఒక్క క్షణం ఆగండి, ఊపిరి తీసుకోండి, అప్పుడు మెల్లిగా వెల్లకిలా తిరిగి పిర్రలు సీటులో పెట్టండి, కాళ్ళు మాత్రం చివరాఖర్న లోపలికి. ముందు కడుపు, తర్వాత కూర్చోడం, ఆనక కాళ్ళు, ఈ వరస తప్పితే మళ్ళీ నీళ్ళలోనే. కుడి పక్కనుంచి వచ్చినాక ఎడమ పక్కనుంచి కూడా చెయ్యండి, బాగా అలిసిపోయినాక ఇంకోసారి చెయ్యండి, నిజంగా పడేది అలసిపోయినప్పుడే.

తెడ్డు సంగతి త్వరగా చెప్పేస్తా, ఇది చేస్తా ఉంటేనే వస్తాది. తెడ్డు నెత్తిన పెట్టుకుంటే మోచేతులు ఎల్ మాదిరి మడవాల, అదే పట్టుకునే దూరం. రెక్క గుంట పక్క మీ వైపు ఉండాల. పాదాల దగ్గర ముంచి తుంటి దగ్గర తియ్యండి, చేతులతో కాకుండా నడుము తిప్పుతా లాగితే భుజాలు నొప్పెట్టవు. వెడల్పు పడవలకు 230, 240 సెంటీమీటర్ల తెడ్డు బాగుంటాది.

ఇప్పుడు గాలి. మన అనంతపురంలో కయాక్ వెయ్యాలంటే చేప కంటే ముందు గాలిని చదవాల. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి ఎట్లా కొడ్తాదో మనకు తెలియంది కాదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. కొత్తవాళ్ళు ఆ మూడు నెలలు రిజర్వాయర్ జోలికి పోవద్దు, సెప్టెంబర్, అక్టోబర్ వానలకు చెరువులు నిండినాక నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటాది, అప్పుడు కూడా తుఫాను కబురు ఉంటే ఇంట్లోనే ఉండండి. ఏ నెలైనా తెల్లారుజామునే దిగి పొద్దెక్కేలోపల గట్టుకు రావాల.

మిడ్ పెన్నార్ దగ్గర పుట్టి మీద వలేసే ఒక పెద్దాయన నాకు చెప్పిన మాట ఇదీ: "ఏం నాయనా, గాలి వెనకుండాది గదాని సులువుగా పోతాండావే, వచ్చేటప్పుడు ఎవరు తోస్తారు నిన్ను? ముందు గాలికి ఎదురు పో, అలుపొస్తే గాలే నిన్ను గట్టుకు తెచ్చి ఇడుస్తాది." నేను చదివిన అన్ని పాఠాల కంటే ఇది బాగా పనికొచ్చింది. కాబట్టి కట్ట మీద నిలబడి కొంచెం సేపు నీళ్ళు చూడండి, అలల తలల మీద తెల్లగా నురగ కనపడ్తాందంటే గాలి దగ్గరదగ్గర 20 కిలోమీటర్ల స్పీడు మీద ఉన్నట్టే, ఆ రోజుకు వెనక్కి తిరగండి. నురగ లేకుంటేనే గాలికి ఎదురుగా బయల్దేరండి, గట్టు వెంబడే, ఈది రాగలిగినంత దూరంలోనే.

పోకూడని చోట్లు కూడా చెప్పాల. మరువ (చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోటు) పారే చెరువులో దాని దగ్గరికి, తూము దగ్గరికి, డ్యాం గేట్ల దగ్గరికి పోనే పోవద్దు, పైకి నీళ్ళు కదలకుండా ఉన్నట్టే కనపడ్తాయి, కింద లాగుడు ఉంటాది. పారే ఏట్లోకి కూడా ఇప్పుడే వద్దు, 2009 అక్టోబర్ వరద చూసిన కర్నూలు వాళ్ళకు తుంగభద్ర, హంద్రీ గురించి నేను చెప్పాల్సిన పని లేదు. గండికోట లోయ ఫోటోల్లో చూసి అక్కడే మొదలుపెట్టాలని ఆశ పుడ్తాది, నిజంగా అంత అందమైన నీళ్ళు మన సీమలో ఇంకోటి లేవనుకుంటా, కానీ రెండు పక్కలా నిలువు రాళ్ళు, అలుపొస్తే దిగే గట్టు ఉండదు, ఇరుకులో పడిన గాలి ఇంకా జోరుగా వస్తాది. బాగా చెయ్యి తిరిగినాక, తెలిసినోళ్ళతోనే పోండి.

ఇదంతా వంటబట్టినాక ఒక్క రాడ్, ఒక్కటే, ఆరున్నర ఏడు అడుగులది తెచ్చుకోండి, దాన్ని కూడా తాడుతో పడవకు కట్టేయండి. కూర్చునే ముందువైపుకే విసరండి, వెనక్కి తిరిగి విసిరితే బరువు ఒక అంచు మీద పడ్తాది. చేప పడినప్పుడు రెండు కాళ్ళు రెండు పక్కలా నీళ్ళలోకి దింపితే పడవ కుదురుగా ఉంటాది. ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది, మీ తల పడవ అంచు దాటకూడదు. కొర్రమీను అంచు దాకా వచ్చి ఒక్కసారి గింజుకుంటాది, దాన్ని చూడాలని వంగుతారు, తల యాడికి పోతే ఒళ్ళూ ఆడికే పోతాది. చేపను జాలీ బుట్టతో మీ వైపు తెచ్చుకోండి, మీరు దాని వైపు పోవద్దు.

వానల కాలంలో గట్టు పక్కన జమ్ములో నీళ్ళ మీద ఎర్రటి చేపపిల్లల గుంపు బుడబుడమని ఒకే చోట తిరుగుతా కనిపిస్తే, వాటి కిందనే తల్లి కొర్రమీను, తండ్రి కొర్రమీను కాపలా ఉంటాయి. అక్కడ గాలం వేస్తే వెంటనే పడ్తాది, ఆకలికి కాదు, పిల్లల కోసం మీదికొస్తాది. దాన్ని తీస్తే ఆ పిల్లలు మిగలవు, పక్కనుంచి చప్పుడు లేకుండా తెడ్డేసుకుని వెళ్ళిపోండి. అట్లనే థర్మోకోల్ ముక్కలు, ఖాళీ బాటిళ్ళు వరసగా తేల్తాంటే కింద వల ఉందని అర్థం, చుట్టు తిరిగి పోండి, వల వేసినోళ్ళ కూడు అది.

వచ్చే పాఠానికి ముందు చెయ్యాల్సిన పని: రెండు పక్కలనుంచి ఎవరి సాయం లేకుండా ఎక్కడం, తెడ్డుతో పడవను ఉన్నచోటే గుండ్రంగా తిప్పడం, వెనక్కి తెడ్డేసి ఆపడం, రోజూ పొద్దున ఆరుకు, పదికి మీ చెరువు కట్ట మీద గాలి ఎటునుంచి వస్తాందో ఒక కాగితం మీద రాసి పెట్టడం. ఆ కాగితం పారెయ్యొద్దు, మూడో పాఠంలో లంగరు యాడ వెయ్యాల, జమ్ము పక్కన కప్ప లూర్ (కప్ప మాదిరి ఉండే ఉత్తుత్తి ఎర) ఎటు నుంచి తేవాల అనేది దాన్ని చూసే మొదలుపెడ్తాం.