మట్టి పొరలు కళ్లకు కనిపించాలంటే

అవక్షేప శిలల్లో, అంటే ఇసుక, మట్టి పేరుకుని గట్టిపడిన రాళ్లలో, పొరలు ఎలా ఏర్పడతాయో బొమ్మ చూపి చెబితే పిల్లలకు పరీక్ష దాకా కూడా గుర్తుండదు. దీనికి నమూనాలు కొననక్కర్లేదు.

లీటరు ఖాళీ సీసాలో మూడో వంతు దాకా చేని ఎర్రమట్టి, స్వర్ణముఖి నది ఇసుక సమంగా పోయండి. పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి నీళ్లు నింపి, మూత బిగించి రెండు నిమిషాలు బాగా కుదిపి, కదపకుండా పెట్టండి. ఇసుక చూస్తుండగానే అడుగుకు చేరుతుంది. సన్నటి ఒండ్రుకు గంటలు పడుతుంది. బంకమన్ను మర్నాటికి గానీ తేరుకోదు.

తిరుమల శిలాతోరణం కూడా ఒకప్పుడు ఇలా పేరుకున్న ఇసుకే, గట్టిపడి క్వార్ట్‌జైట్ రాయి అయిందని అప్పుడు చెప్పండి. ఇక మరచిపోరు.

పూలకుండీ మట్టి మాత్రం వద్దు. అందులోని కొబ్బరిపొట్టు, ఎరువు పైకి తేలి నీళ్లు నల్లబడతాయి, పొరలు కనిపించవు.